అన్ని పార్టీల బొంత

ఆ రోజు ఉదయం కుట్లమ్మ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకల్లా మ్యూజియం చేరాలి. పదిన్నరకు న్యాయనిర్ణేతలు వచ్చేలోగా మిగతావాళ్ల బొంతలన్నీ తీరిగ్గా చూడాలి. పదకొండున్నరకు మేయరుగారు బహుమతి ఎవరికిచ్చినా నవ్వుమొహంతో చప్పట్లు కొట్టాలి. ఒకవేళ తనకే ఇస్తే కళ్లు తిరిగి పడిపోకుండా నిలబడాలి. ఇంత కార్యక్రమంలో భర్తకు ఆమె అప్పజెప్పిన పని ఒక్కటే.

"పదకొండున్నర దాకా కళ్లు తెరుచుకుని ఉండండి చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు," అంది చీర కుచ్చిళ్లు నాలుగోసారి సర్దుకుంటూ.

"ఉన్న పనుల్లో కష్టమైంది ఏరి ఏరి నాకిచ్చావు," అన్నాడాయన ఆవలిస్తూ.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆయన బట్టల గోదాములో రాత్రి వాచ్‌మన్. ముప్పై ఏళ్లుగా ఉదయం ఆరింటికి డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇంత తిని, సరిగ్గా పది గంటలకు నడుం వాలుస్తాడు. మళ్లీ సాయంత్రం ఐదు దాకా ఇంటి మీద పిడుగు పడ్డా లేవడు. అయితే ఆ నిద్రకు ఆయన మంచం ఉండాలి, ఆ మంచం మీద ఆయన బొంత ఉండాలి. పదకొండు రోజులుగా ఇంట్లో ఆ రెండూ లేవు. ఆ పదకొండు రోజులుగా ఆయన చాప మీద అటూ ఇటూ దొర్లుతున్నాడే తప్ప రెప్ప వాల్చిన పాపాన పోలేదు. మంచమూ బొంతా మ్యూజియంలో ఉన్నాయి.

ఆ సంగతి కొంచెం చెప్పుకోవాలి. కుట్టుపని వల్ల వీధంతా కుట్లమ్మ అని పిలిచే ఆమెకు వీధి మలుపులో రెండు మిషన్ల దుకాణం ఉంది. జాకెట్లూ లంగాలూ మామూలు రోజుల పని. ఎన్నికలొస్తే మాత్రం జెండాలే జెండాలు. ఊదా పార్టీవి ఉదయం, ఆకుపచ్చ పార్టీవి మధ్యాహ్నం, చీలిపోయి కొత్తగా పుట్టినవాళ్లవి రాత్రికి రాత్రి. కత్తిరించగా మిగిలిన పీలికలు పారేయడానికి మనసొప్పక ఒక్కో ఎన్నికకు ఒక్కో పొర చొప్పున కుట్టుకుంటూ పోయింది. ఆరు ఎన్నికలు గడిచేసరికి అది మెత్తగా, బరువుగా, కప్పుకుంటే ఒళ్లు మరిచిపోయే బొంత అయింది. ఊళ్లో ఉన్న పార్టీలన్నీ అందులో పక్కపక్కనే సర్దుకున్నాయి, బయట ఎలా ఉన్నా.

మ్యూజియంలో రాజకీయాల మీద కళాత్మకమైన బొంతల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, స్కూల్లో డ్రాయింగు చెప్పే కూతురు తల్లికి చెప్పకుండా ఫొటో పంపింది. ఆ ఫొటో చూసి మ్యూజియం మేడమ్ స్వయంగా ఇంటికొచ్చింది. "గోడకు వేలాడదీస్తే దీని ప్రాణం పోతుందండీ. మంచంతో సహా కావాలి," అని తేల్చేసింది. పోటీలో నెగ్గిన బొంత మ్యూజియంలోనే శాశ్వతంగా ఉంటుందట. పక్కన ఇత్తడి పలక మీద కుట్టినవాళ్ల పేరు చెక్కిస్తారట.

ఆ ఇత్తడి పలక మాట విన్నప్పటి నుంచీ కుట్లమ్మకు కాలు నేల మీద నిలవడం లేదు. జెండా ఎగరేసినవాడి పేరు పేపర్లో వస్తుంది. జెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాడి పేరు కనీసం పోలీసులైనా రాసుకుంటారు. కుట్టిందెవరని ఇన్నేళ్లలో ఒక్కళ్లూ అడగలేదు. ఇప్పుడు అడగబోతున్నారు, రాసి మరీ పెట్టబోతున్నారు. బొంత పోతే పోయింది, ఆయనకు ఇంకోటి కుట్టిపెట్టవచ్చు.

అయితే ఒక నియమం ఉంది. ప్రదర్శనకు పెట్టాక, బహుమతి ప్రకటించేదాకా, కుట్టినవాళ్లు గానీ వాళ్ల తరఫువాళ్లు గానీ బొంతను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారు. కిందటిసారి ఒకాయన న్యాయనిర్ణేతలు ఎదురుగా నిలబడి ఉండగానే ఇంకో నాలుగు కుట్లు వేస్తూ కూర్చున్నాడట. ఈ నియమం మేడమ్ రెండుసార్లు చెప్పింది. కుట్లమ్మ దాన్ని భర్తకు పదిసార్లు చెప్పింది. ఆయన పదిసార్లూ తలూపాడు. అందులో ఎన్నిసార్లు తలూపాడో, ఎన్నిసార్లు జోగాడో చెప్పడం కష్టం.

మ్యూజియం హాలు చల్లగా ఉంది. గుడ్డల రంగు వెలిసిపోకుండా దీపాలు బాగా తగ్గించి పెట్టారు. కింద అడుగుల చప్పుడు వినపడనంత మందం తివాచీ. నిద్రకు మొహం వాచిన మనిషిని తీసుకెళ్లకూడని చోటు ఊళ్లో ఏదైనా ఉందంటే అదే. కానీ కుట్లమ్మకు అప్పుడు అవేవీ పట్టలేదు. ఆమె చూపంతా గోడల మీదే.

ఒక బొంత నిండా ఎన్నికల వాగ్దానాలు అచ్చువేసి ఉన్నాయి, గడికొకటి. ఇంకోటి కుర్చీ ఆకారంలో ఉంది, దాని చిరుగుల్లోంచి దూది బయటికొస్తోంది. మరో దాని మీద ఓటర్ల జాబితాలోంచి ఎగిరిపోయిన పేర్లు నల్లదారంతో కుట్టి ఉన్నాయి. ఆ పేర్లన్నీ కుట్లమ్మ ఒక్కొక్కటే చదివింది. తర్వాత వృత్తి గుర్తొచ్చి వాగ్దానాల బొంత అంచు పట్టుకుని వెనక్కి తిప్పింది.

"అమ్మా, తిప్పకూడదమ్మా! ముందువైపు నుంచే చూడాలి," అంటూ గార్డు పరిగెత్తుకొచ్చాడు.

"వెనక చూడకుండా ముందు ఎలా నమ్ముతాం బాబూ? ఇదిగో, ముడులన్నీ వదులే. ఒక్క ఉతుక్కి ఊడొస్తాయి," అంది కుట్లమ్మ.

"వాగ్దానాలు కదమ్మా," అన్నాడు గార్డు నిట్టూర్చి.

ఆ మాటకు నవ్వుకుంటూ ఆమె తర్వాతి బొంత దగ్గరికి నడుస్తుండగా కూతురు రొప్పుతూ ఎదురొచ్చింది.

"అమ్మా, నాన్నేరీ?"

"నీ పక్కనే కదే ఉన్నారు!"

"నీ పక్కన ఉన్నారనుకున్నాను!"

కుట్లమ్మ గోడ గడియారం వైపు చూసింది. పది దాటి పన్నెండు నిమిషాలు. ఇద్దరూ హాలు చివరికి పరుగులాంటి నడకతో వెళ్లారు.

అనుకున్నంతా అయింది. మంచం కింద చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. ఎడమ చెప్పులో కళ్లజోడు భద్రంగా పడుకుని ఉంది. మంచం మీద అన్ని పార్టీలనూ ముక్కుదాకా లాక్కుని భర్త పడుకుని ఉన్నాడు. క్రమశిక్షణ గల మనిషి కాబట్టి లోపలికి వెళ్లాక మంచం చుట్టూ కట్టిన తాడును మళ్లీ కొక్కేనికి తగిలించి మరీ వెళ్లాడు.

"లేపమ్మా!" అంది కూతురు.

"ఎలా లేపనే? ముట్టుకుంటే తీసేస్తారు!"

"నాన్న ఆల్రెడీ ముట్టుకున్నారుగా!"

"అది ఎవరూ చూడలేదుగా!" అంది కుట్లమ్మ. తాడు పట్టుకుని వంగి, "ఏమండీ... ఏమండీ..." అని పిలిచింది.

ఆ పిలుపు వల్ల లాభం లేదని ఆమెకూ తెలుసు. ఆ గొంతు చెవిన పడుతున్నా నిద్రపోవడం ఆయనకు ముప్పై ఏళ్ల సాధన. ఆయన్ను లేపగలిగింది ప్రపంచంలో ఒక్కటే, కాపలావాళ్లు ఊదే విజిల్. కూతురు తాడు దాటబోయింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"ఆహా!"

న్యాయనిర్ణేతలు పది నిమిషాలు ముందే వచ్చేశారు. ముందు నిలబడ్డాయన పేరున్న కళావిమర్శకుడు. పక్కన పుస్తకం పట్టుకుని ఆయన ఏమంటే అది రాసుకునే రెండో న్యాయనిర్ణేత. మ్యూజియం మేడమ్ మేయరుగారి కోసం గేటు దగ్గరే ఉండిపోయింది.

"మనిషిని కూడా పెట్టారా!" అన్నాడు విమర్శకుడు.

"అదేం లేదండీ, ఆయన..." అని కుట్లమ్మ మొదలుపెట్టింది. కూతురు ఆమె కాలు తొక్కింది.

"చెప్పొద్దు. నన్నే కనుక్కోనివ్వండి," అంటూ విమర్శకుడు చెయ్యి ఎత్తాడు. మంచానికి ఒక ప్రదక్షిణ చేశాడు. "ఓటరు! ఓటరు కదూ? మీద అన్ని పార్టీల బరువూ పడుతున్నా లేవని ఓటరు!"

కుట్లమ్మ కూతురి మొహం చూసింది. కూతురు పైకప్పు చూసింది.

"అంతేనండీ," అంది కుట్లమ్మ నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

ఇంతలో భర్త గురక అందుకున్నాడు. విమర్శకుడు కళ్లు మూసుకుని విన్నాడు. "ఇది గురక కాదు. ప్రజల మూలుగు. రాసుకోండి." రెండో న్యాయనిర్ణేత రాసుకున్నాడు. "ఎంతసేపు ఇలా ఉంటారీయన?"

"సాయంత్రం ఐదు దాకా ఉంటారండీ," అంది కుట్లమ్మ. ఉదయం నుంచీ ఆమె చెప్పిన మాటల్లో అంత నికార్సైన నిజం ఇంకోటి లేదు.

"ఏడు గంటలు! కదలకుండా! ఎంత తపస్సు!"

మాట హాలంతా పాకింది. వాగ్దానాల బొంత దగ్గర ఉన్నవాళ్లు ఓటర్ని చూడ్డానికి వచ్చేశారు. ఫోన్లు పైకి లేచాయి. ఒకావిడ తన పిల్లాడికి "చూడు నాన్నా, ఎంత బాగా నటిస్తున్నాడో," అని చూపించింది. "నిద్రపోతున్నాడమ్మా," అన్నాడు వాడు. "ష్, నీకు తెలీదు," అందావిడ. కుట్లమ్మకు ఒకపక్క భయం, ఇంకోపక్క ఏమిటో తెలియని సంబరం. ఇంతమంది తన బొంత చుట్టూ చేరతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఈ గండం గట్టెక్కితే, ఆయన ఐదు దాకా లేవకపోతే, పలక తనదే.

గండం ఇంకా రెండు కాళ్ల మీద నడిచి రావాల్సి ఉంది. నాలుగు కాళ్లు అనాలి, వచ్చింది ఇద్దరు కాబట్టి. మేయరుగారికి ఎదురెళ్లడానికి వచ్చిన ఊదా నాయకుడూ, ఎదురెళ్లకుండానే ఆయన కంట పడటానికి వచ్చిన ఆకుపచ్చ నాయకుడూ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చారు.

"ఏంటిది? మా రంగు కాళ్ల దగ్గర పెట్టారేంటి?" అన్నాడు ఆకుపచ్చ.

"తల దగ్గర మాది ఉంది. ప్రజలకు తెలీదూ ఎవర్ని ఎక్కడ పెట్టాలో?" అన్నాడు ఊదా మీసం సర్దుకుని.

"తల దగ్గర మీరుంటేనే కదయ్యా ఓటరికి మెలకువ రానిది!"

ఊదా నాయకుడికి ఇది ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక మీసం మీది చెయ్యి కిందకు దిగింది. ఇప్పుడు తల వైపు ఉన్నందుకు ఆయనకూ అవమానమే.

"తిప్పండి! మాది కాళ్ల వైపుకి తిప్పండి!"

"కాళ్ల వైపు మాది ఉందిగా! మాదేం ఖాళీ చెయ్యం!"

"ఇందాక వద్దన్నారుగా!"

"మీరు అడిగారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది!"

ఇద్దరూ తాడు దాటేశారు. చెరో కొసా పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఓటరు అటో పక్కకూ ఇటో పక్కకూ దొర్లాడు కానీ కళ్లు తెరవలేదు. విమర్శకుడు "అద్భుతం, అద్భుతం!" అంటున్నాడు. బొంత మధ్యలో ఎక్కడో ఒక కుట్టు పుట్టుక్కుమంది.

ఆ చప్పుడు అంత గొడవలోనూ కుట్లమ్మకు ఒక్కదానికే వినిపించింది. అంతే, నియమమూ పోటీ ఇత్తడి పలకా అన్నీ మరిచిపోయి ఆమె తాడు దాటింది. రెండు చేతులా బొంతను గుండెకు అదుముకుంది.

"వదలండి! వదలండి మర్యాదగా! ఈ రెండు జెండాలూ ఒకే రోజు కుట్టాను నేను. పొద్దున మీవి, మధ్యాహ్నం వాళ్లవి. ఒకటే మిషను, ఒకటే సూది. దారం కూడా మార్చలేదు! అప్పుడు లేని గొడవ ఇప్పుడెందుకండీ?"

ముగ్గురు మనుషులు తాడుకు లోపల ఉండటం చూసిన గార్డు, ఇక తన ఉద్యోగం తను చెయ్యాలనుకుని విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

"ఎవడ్రా అక్కడ!" అంటూ ఓటరు ఒక్క ఉదుటున మంచం మీద లేచి నిలబడ్డాడు. "కదిలితే కాళ్లు విరగ్గొడతా! చేతుల్లో ఉన్నది కింద పెట్టండి!"

నాయకులిద్దరూ చేతుల్లో ఉన్నది కింద పెట్టి చెరో తలుపులోంచీ మాయమయ్యారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. విమర్శకుడు కళ్లు తుడుచుకుంటూ "మేలుకున్న ఓటరు!" అని అరిచాడు. సరిగ్గా ఆ క్షణాన మ్యూజియం మేడమ్ వెంట మేయరుగారు లోపల అడుగుపెట్టాడు. చప్పట్లు తనకే అనుకుని రెండు చేతులూ జోడించాడు.

తర్వాతివన్నీ చకచకా జరిగిపోయాయి. విమర్శకుడు మైకు అందుకున్నాడు. ఈ ప్రదర్శనలో బహుమతి గురించి చర్చ అనవసరమన్నాడు. నిద్రించి, గురక పెట్టి, చివరికి తిరగబడిన ఈ మహాకళాకారుడికే అన్నాడు. ఇత్తడి పలక మీద ఈయన పేరే చెక్కాలన్నాడు.

కుట్లమ్మ చేతుల్లోంచి బొంత జారిపోయింది. ఆరు ఎన్నికలు రాత్రీ పగలూ కుట్టింది తను. పడుకుంది ఆయన. పలక పడుకున్నవాడికి! "అమ్మా, నేను చెప్తానుండు," అని కూతురు ముందుకు ఉరకబోయింది కానీ, అప్పటికే మైకు తండ్రి చేతికి చేరిపోయింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చుట్టూ చూశాడు. "ఐదయిందా?" అని అడిగాడు. అందరూ నవ్వారు.

"మీ సాధన గురించి నాలుగు మాటలు చెప్పండి," అన్నాడు విమర్శకుడు.

"సాధనేంటండీ? డ్యూటీ దిగాను, పడుకున్నాను. నేను చేసిందేం లేదు. ఈ బొంత కింద దూరితే ఎవరికైనా నిద్ర పడుతుంది. మా ఇంటావిడ అలా కుట్టింది మరి."

"అది మీ వినయం!"

"వినయం కాదు మొర్రో!" అన్నాడాయన చిరాగ్గా. నిద్ర మధ్యలో లేపితే ఆయనకు మేయరూ ఒకటే, మామూలు మనిషీ ఒకటే. "కావాలంటే మీరు పడుకుని చూడండి సార్."

ఫొటోగ్రాఫర్లు హుషారుగా మేయరు వైపు తిరిగారు. పాపం, మేయరుకు కంటి నిండా నిద్ర ఉండి మూడు వారాలైంది. కౌన్సిల్ సభ్యుల్లో ఎవరు తనవైపో ఎవరు కాదో లెక్క తేలక పక్క మీద దొర్లుతున్నాడు. అయినా ఫొటో అంటే కాదనలేని మనిషి. "ఒక్క నిమిషమే," అని బూట్లు విప్పి మంచమెక్కాడు. బొంత గడ్డం దాకా లాక్కుని కెమెరాల వైపు చిరునవ్వు నవ్వాడు. కెమెరాలు మెరిశాయి. చిరునవ్వు అలాగే ఉంది. కాసేపటికి నోరు కొద్దిగా తెరుచుకుంది.

"సార్," అంది మేడమ్ మెల్లిగా. "సార్, ప్రసంగం..."

మేయరుగారు పక్కకు తిరిగి ఊదా రంగులో మొహం దాచుకున్నాడు. కాళ్లు ఆకుపచ్చలోకి ముడుచుకున్నాడు. ఆయన ఊపిరి బరువెక్కింది.

విమర్శకుడు ముందుకొచ్చాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొంత మీద చెయ్యి వేసి నిమిరాడు. అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూశాడు. వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది. ఎక్కడా ముడి కనపడదు, ఎక్కడా దారం వేలాడదు. చాలాసేపు చూశాక తలెత్తి, మామూలు మనిషి గొంతుతో అడిగాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న ఇంత చిన్నగా ఉంటుందని కుట్లమ్మ అనుకోలేదు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"నేనండీ," అంది.

మ్యూజియం మేడమ్ ఇబ్బందిగా కదిలింది. "కానీ నియమం ప్రకారం, ముట్టుకున్నవాళ్లను..."

"ముట్టుకున్నవాళ్లందర్నీ తీసెయ్యాలంటే ముందు మేయరుగార్ని తీసెయ్యాలి. మీరు లేపుతారా?" అన్నాడు విమర్శకుడు.

మేడమ్ మేయరు మొహం వైపు చూసింది. అంత ప్రశాంతంగా ఆ మొహాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. నియమాల కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది. రెండో న్యాయనిర్ణేత ఓటరు, మూలుగు, తపస్సు అన్నీ కొట్టేసి, ఎవరూ చెప్పకుండానే "బొంత" అని రాసుకున్నాడు. హాలంతా చప్పుడు కాకుండా, మేయరుగారికి నిద్రాభంగం కలగకుండా, గాల్లో చప్పట్లు కొట్టింది. కుట్లమ్మ ఒకచేత్తో కూతుర్నీ ఇంకోచేత్తో భర్తనూ గట్టిగా పట్టుకుంది. ప్రణాళిక ప్రకారం పడిపోకుండానే నిలబడింది. ఆనందం పట్టలేక నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు.

"నాకెప్పుడు కుడతావు ఇంకోటి?" అన్నాడు భర్త చెవిలో.

"ఇవాళే మొదలుపెడతాను," అంది.

ఒంటిగంటన్నరకు మేయరు లేచాడు. ఒళ్లు విరుచుకుని, కంగారుగా అటూ ఇటూ చూసి, "నా ప్రసంగం?" అన్నాడు. "అయిపోయింది సార్. ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని అందరూ అంటున్నారు," అంది మేడమ్. ఆయన సంతృప్తిగా తలూపి బూట్లు వేసుకున్నాడు.

పదిహేను రోజుల్లో ఇత్తడి పలక తయారైంది. తళతళలాడే అక్షరాలతో, ఎక్కడా ఒక్క తప్పు లేకుండా, రికార్డుల్లో ఉన్న ఆమె అసలు పేరు దాని మీద చెక్కించారు. ఆ ఆదివారం వీధి వీధంతా కదిలి మ్యూజియానికి వెళ్లింది, పలక చదివింది, బహుమతి ఎవరో ముక్కూమొహం తెలియనావిడ ఎగరేసుకుపోయిందని సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి కుట్లమ్మను ఓదార్చి వెళ్లారు.